సానరాయి పుట్టింటికి ప్రయాణం

మా నాన్న సత్తెనపల్లి పొలిమేర దాటడం అరుదు. సంత రోజున గొర్రెలు కొనడానికి తప్ప మాంసం కొట్టు వదిలి కదలడు. ఆయన సానరాయి మాత్రం మొన్న ఎండాకాలంలో నా బ్యాగులో కూర్చుని గుంటూరు చూసింది, చీమకుర్తి చూసింది, కొత్తపట్నంలో సముద్రం చూసింది, చివరికి తన పుట్టిల్లు కూడా చూసి వచ్చింది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఎవరు దొరికితే వాళ్లకి ఈ సంగతే చెబుతున్నాను. మా వీధిలో కూరగాయలమ్మే రత్తమ్మ పిన్ని నన్ను దూరం నుంచి చూడగానే, "తెలుసు, ఆకు సంగతి నాకు తెలుసు, పో!" అంటోంది. ఇప్పుడు మీరు దొరికారు.

సత్తెనపల్లి

నా పేరు నాగూర్‌బీ. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. నాన్న ఐదో తరగతితో ఆపేశాడు, అమ్మ బడి గుమ్మమే ఎక్కలేదు. గుంటూరులో బీయస్సీ చేరడానికి వెళ్లిన రోజు కంప్యూటర్ల సీట్లు అయిపోయాయి. జియాలజీ ఉన్న గ్రూపులో మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఖాళీలు. అట్లా రాళ్లలో పడ్డాను. పడ్డాక మళ్లీ లేవాలనిపించలేదు.

మా కొట్టులో నాన్నకి సాయం చేసే మస్తాన్ మామ అప్పట్లో అడిగాడు, "ఏం చదువుద్దంట అమ్మాయి?"

"రాళ్లు," అన్నాడు నాన్న.

"రాళ్లా! రోడ్డు కంట్రాక్టరు అవుద్దా ఏంది?"

"నువ్వు నిలబడింది దేని మీదరా? మూసుకుని ఎముకలు కొట్టు."

ఇక సానరాయి సంగతి. మోచేతి నుంచి మణికట్టు దాకా పొడుగు ఉంటుంది. నల్లగా, నున్నగా, మధ్యలో లోతుగా అరిగిపోయి ఉంటుంది. మా తాత తెచ్చాడు. ఆయన మేకల్ని తోలుకుంటూ కాలినడకన సముద్రం దాకా పోయి అమ్ముకొచ్చే మనిషి. ఆ దారిలో ఎక్కడో సంపాదించాడు. ఎక్కడ అని అడగాలన్న ఆలోచన ఆయన పోయాక గానీ ఎవరికీ రాలేదు.

జంతువు చూస్తుండగా కత్తి నూరకూడదన్నది మాలో అందరికీ తెలిసిన పద్ధతే. మా నాన్న దాన్ని ఇంకొంచెం సాగదీశాడు. మేక చూడకూడదు, మేకకి వినిపించకూడదు, ఆ మాటకొస్తే మనుషులు కూడా చూడనక్కర్లేదు. అందుకని కొట్టు వెనక ఒక చిన్న గది, దానికి గోనెపట్టా తెర, లోపల బల్బు కూడా లేదు. ఆ చీకట్లో కూర్చుని, చెవితో వింటూ, వేలితో తడుముతూ నూరుతాడు. ఆ రాయి మీద ఆయన నూరిన కత్తికి ఉల్లిపొర అడ్డం పెడితే తన బరువుకే తెగిపోతుంది.

ఈ ఏడు రంజాన్ వెళ్లిన కొద్ది రోజులకి ఆ రాయి చెయ్యి జారి పడి రెండు ముక్కలైంది. నాన్న ఆ చీకట్లోనే, ఎవరికీ చెప్పకుండా, జిగురు పూసి అతికించేశాడు. అతికింది గానీ, అతుకు దగ్గరికి రాగానే కత్తి తట్టుకుంటోంది. బజారులో దొరికే రాళ్లన్నీ కొనుక్కొచ్చాడు. కత్తిని మిషను మీద పట్టించాడు. ఏదీ నచ్చలేదు. ఒక రోజు అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు, "ఈ బక్రీదుకి నేను కుర్బానీకి పోను."

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. తాత రోజుల నుంచీ మా పేటలో బక్రీదు నాడు ఇంటింటా కుర్బానీ మేకని కోసేది మా ఇంటి కత్తే.

"మొద్దు కత్తి పట్టుకుపోయి నోరులేని జీవాన్ని ఏడిపిస్తే రేపు పైన ఏం జవాబు చెప్పుకోను?" అన్నాడు నాన్న. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు రాళ్లు చదివావు గదా అమ్మాయ్. ఇది యాడిదో చెప్పు. ఆడికే పోయి ఇంకోటి తెచ్చుకుందాం."

మూడేళ్లు చదివిన చదువుకి మా నాన్న అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. రాయిని చేతిలోకి తీసుకున్నాను. నల్లగా ఉంది. ఇంకా? నల్లగానే ఉంది. మాకు మొదటి రోజు నేర్పేది ఒకటే: రాయి పైతోలుని నమ్మొద్దు, సుత్తితో ఒక రవ్వ కొట్టి లోపలి మొహం చూడు.

"ఒక్క రవ్వ కొట్టి చూస్తా నాన్నా."

"విరిగింది చాలదా? కొట్టావంటే నీ డిగ్రీ విరగ్గొడతా."

విరిగిన మొహం ఏమో జిగురు లోపల ఉంది. అప్పుడు మా మేనత్త కల్పించుకుంది, "నల్లరాయంటే చీమకుర్తి. దానికి చదువెందుకు?" అని. అమ్మ ఒప్పుకోలేదు. "కాదు వదినా, మావయ్య కొత్తపట్నంలో పడవలోళ్లకి మేకపిల్లనిచ్చి దీన్ని తెచ్చుకున్నాడని అత్తమ్మ అంటా ఉండేది." రెండు ఊళ్లూ ఒంగోలుకి అటూ ఇటూ ఉన్నాయి. నాన్న రాయిని పాత లుంగీలో చుట్టి, పక్కన తన చిన్న కత్తిని అట్టముక్కల మధ్య కట్టి, నా బ్యాగులో పెట్టాడు. బిడ్డని కాన్పుకి పంపుతున్నట్టు బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. నా కోసమో, రాయి కోసమో అడగలేదు.

గుంటూరు

మిర్చి యార్డు దగ్గరికి వస్తున్నామని చెప్పడానికి బస్సులో కండక్టరు అక్కర్లేదు. ముందు సీట్లో ఒకరు తుమ్ముతారు, తర్వాత వరసగా వెనకదాకా తుమ్ముకుంటూ వస్తారు. ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి మిగిలిన డబ్బులు బజ్జీలకి పెట్టాలన్నది నా సిద్ధాంతం. బస్టాండు బయట నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు. మిరపకాయ పొట్ట చీల్చి, వాము కూరి, పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. తిన్నాక కాసేపు లోకం మసకగా కనపడింది.

ఒంగోలు బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ కాసేపు ముక్కు ఎగబీల్చి, "ఏమనుకోమాకమ్మా, బ్యాగులో మాంసం ఉందా?" అని అడిగింది.

"లేదండి, రాయండి."

"రాయా?"

"మాంసం కొట్టు రాయండి. ఎండకి కొవ్వు కరుగుతున్నట్టుంది."

ఆవిడ బ్యాగుని చూసింది, నన్ను చూసింది, డ్రైవరు వెనక సీటు ఖాళీ అవగానే వెళ్లిపోయింది. నాకు కిటికీ దొరికింది. పత్తి ఏరేసిన చేలల్లో ఎండు మోళ్లు, మధ్య మధ్యలో కళ్లాల మీద ఎర్రగా పరిచిన మిరపకాయలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం ఎర్రటి చీరలు ఆరేసినట్టు అనిపించి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చీమకుర్తి

మా ఊళ్లో డబ్బున్నవాళ్లు హాల్లో వేయించుకుని చెప్పులు విప్పించి మరీ చూపించే రాయి, చీమకుర్తిలో టీ కొట్టు ముందు కాళ్లు తుడుచుకోవడానికి పడి ఉంది. మురుగుకాలవ మీద దాటడానికి గెలాక్సీ గ్రానైట్. బర్రెలకి కుడితి పోసే తొట్టి పక్కన గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు, ఎండ పడితే రాత్రి ఆకాశమే. రోడ్డు మీద మాత్రం లారీల దుమ్ము. ఒక్కో లారీ మీద ఒక్కటే రాయి, గది అంత.

రోడ్డు పక్కన కనపడిన గ్రానైట్ కోత మిల్లులోకి వెళ్లాను. అక్కడి సూపర్‌వైజరు శ్రీను అన్నయ్య నా కథ విని పగలబడి నవ్వి, రాజస్థాన్ నుంచి వచ్చిన పాలిష్ పనివాడు కిషన్‌ని పిలిచాడు. కిషన్ నా పేరు అడిగాడు. నాగూర్‌బీ అని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయి గడగడా హిందీ మొదలుపెట్టాడు. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆయన ఆగాడు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

"ఏమ్మా, మీకు హిందీ రాదా?" అన్నాడు శ్రీను అన్నయ్య.

"రాదండి. మా ఇంట్లో తిట్లు కూడా తెలుగులోనే."

కిషన్ తొడ చరుచుకున్నాడు. "అరే! నాగూర్‌బీకి హిందీ లేదు, కిషన్‌కి తెలుగు ఉంది!"

రాయి మీద నీళ్లు పోశాడు. చామాకు మీద పోసినట్టు జారిపోయాయి. "ఇది రాయి కాదు, నెయ్యి," అన్నాడు. వేలి కణుపుతో కొట్టాడు. "మాది గణ్ అంటది. ఇది టక్ అంటది." నేను మెడలో తాడుకి కట్టుకున్న భూతద్దం తీసి పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్ల రాయిలో పలుకులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, పటిక బెల్లం విరిచినట్టు మెరుస్తున్నాయి. మా రాయిలో పలుకన్నదే లేదు. కొవ్వు పలచగా పేరుకున్న ఒక మూల చూసినా పిండి అంత సన్నం. భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయి అయితే కాదు, నీళ్ల అడుగున పేరుకున్న మెత్తటి బురద గట్టిపడితే ఇట్లా ఉంటుంది.

"కాదు! చీమకుర్తిది కానే కాదు!" అని అరిచాను.

"కాదంటే అంత సంతోషపడే మనిషిని నేనింతవరకూ చూడలేదు చెల్లెమ్మా," అన్నాడు శ్రీను అన్నయ్య.

ఎందుకు సంతోషమో ఆయనకి ఎట్లా చెప్పను? ఎవరో చెప్పింది నమ్మకుండా, నేనే చూసి, కాదు అని తేల్చిన మొదటి రాయి అది. కిషన్ వాళ్లతో కలిసి మందపాటి రొట్టెలు తిన్నాను. మన ఎండుమిర్చి, వెల్లుల్లి నూరి పచ్చినూనె కలిపి నంచుకుంటున్నారు. మిరపకాయలు పండించే జిల్లా పిల్లని కదా అని ధీమాగా పెద్ద ముద్ద పెట్టుకున్నాను. కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. రాజస్థాన్ మొత్తం నన్ను చూసి నవ్వింది.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. "అత్త ఓడిపోయింది."

"అయితే మీ అమ్మ గెలిచినట్టా?"

"రేపు చెప్తా."

"రాయి బాగుందా?" అన్నాడు. నేను బాగున్నానా అని అమ్మ పక్క నుంచి అడిగింది.

కొత్తపట్నం

ఒంగోలులో హాస్టల్ స్నేహితురాలి ఇంట్లో పడుకుని పొద్దున్నే కొత్తపట్నం ఆటో ఎక్కాను. ఖాళీ చేపల బుట్టల మధ్య నేనూ ఒక బుట్టనై కూర్చున్నాను. సముద్రం దగ్గరికి వచ్చాక అనిపించింది, మాకు కళ్లంలో మిరపకాయలు ఎట్లాగో వీళ్లకి ఇసకలో చేపలు అట్లా అని. అవే వరసలు, అదే తిరగెయ్యడం, కాకుల మీద అవే తిట్లు. వాసన ఒక్కటే తేడా.

ఆ వాసనలోనూ పిల్లులు నన్ను కనిపెట్టాయి. ముందు ఒకటి వెనకాల వచ్చింది. చూస్తుండగానే గుంపైంది. పడవల పక్కన కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తున్న పెద్దావిడ, కావమ్మ, తల ఎత్తింది.

"ఏందమ్మే, పిల్లుల్ని తోలుకొచ్చావ్? నా చేపలు వదిలేసి నీ సంచి ఎనకాల పడ్డయ్యంటే ఏముందే దాంట్లో?"

లుంగీ విప్పి రాయి చూపించి, మా తాత మేకపిల్లనిచ్చి ఇక్కడ తీసుకున్నాడేమో అన్నాను. కావమ్మ చుట్టూ చూపించింది. "ఇసకమ్మే ఇది. ఇక్కడ రాయి యాడ పుట్టుద్ది? కత్తిపీటకి పదును కావాలన్నా, లంగరుకి బరువు కావాలన్నా రాయి పై ఊళ్ల నుంచి రావాల్సిందే. మీ తాతకి మావోళ్లు ఇచ్చినా ఇచ్చుంటారు, అది మాది మాత్రం కాదు." ఆ మాట చెబుతూ రాయిని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే చేతులు బార్లా చాపింది. "ఛీ! చేపలోళ్లం, మాకే కంపు కొడతంది! ఎన్నాళ్లైందే దీన్ని కడిగి?"

"ఎప్పుడూ కడగలేదండి. నీళ్లు చల్లి నూరడమే."

"ఎప్పుడూనా!"

పక్కనే పొయ్యి మీద డేగిసాలో సోడా వేసి మాసిన గుడ్డలు ఉడకబెడుతోంది. నేను "వద్దండీ" అనేలోపు రాయి అందులో మునిగింది. పైకి నురగ లేచింది. కాసేపటికి కావమ్మ పుల్లతో రాయిని పైకి లాగింది. సగమే వచ్చింది.

నేను పెట్టిన కేకకి పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్న వాళ్లు లేచి నిలబడ్డారు. జిగురు ఊడిపోయింది. రెండో సగం కూడా తీసి ఇసకలో పెట్టింది. ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి అనుకుంటూ ముక్కని చేతిలోకి తీసుకున్నాను.

విరిగిన మొహం నల్లగా లేదు. వంకాయ రంగులో ఉంది.

లేత వంకాయ రంగు, మధ్యలో జున్ను రంగు చారలు, పొరలు పొరలుగా. పైన నలుపంతా ఏళ్ల తరబడి పేరుకున్న మేక కొవ్వు, ఇనుము, మసి. గబగబా తిరగేశాను. అడుగువైపు, ఎవరూ ఎన్నడూ కత్తి పెట్టని వైపు, ఒక ఆకు ఉంది. మధ్యలో ఈనె, దానికి రెండు పక్కలా దువ్వెన పళ్లలా వరసగా చిన్న చిన్న రెబ్బలు. నా చిటికెన వేలంత ఉంది. భూతద్దం పెడితే రెబ్బల్లో సన్నటి నరాలు.

"ఎవరమ్మే అంత ముద్దుగా చెక్కింది?" అంది కావమ్మ.

"ఎవరూ చెక్కలేదండి. ఆకే! నిజం ఆకు! రాక్షసబల్లులు తిరిగేనాటి చెట్టుది, బురదలో పడి రాయైపోయింది. నాకు తెలుసండి, ఈ ఆకు నాకు తెలుసు!"

నిజంగానే తెలుసు. మా కాలేజీ లాబులో అద్దాల బీరువాలో ఇలాంటిదే ఒకటి ఉంది. రికార్డులో దాని బొమ్మ గీసి గీసి చెరిపి, మళ్లీ గీశాను. దాని కింద చీటీ మీద ఒంగోలు దగ్గరి వేమవరం అని రాసి ఉంటుంది. అక్కడి బురద పొరల్లో అలాంటి ఆకులుంటాయని పరీక్షలో పేజీన్నర రాసి వచ్చాను. అదే ఆకు మా కొట్టు వెనక గదిలో, నాన్న అరచేతుల కింద బోర్లా పడుకుని ఉంది, నేను పుట్టకముందు నుంచీ!

ఇసకలో ఎగిరాను. కావమ్మ చెయ్యి పట్టుకుని ఆమెని కూడా ఎగరేయబోయాను. "తిను ముందు, తర్వాత ఎగురుదువు," అని గిన్నెలో అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టింది. మా ఇంట్లో చింతపండు పులుసు తప్ప తెలియదు. మామిడికాయ పులుపులో చేప ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తింటూనే ఫోన్ చేశాను.

"నాన్నా, రాయి విరిగింది."

"మళ్లీనా!" అన్నాడు.

"అతుకు ఊడింది, అంతే. నాన్నా విను, అది నల్లరాయి కాదు. వంకాయ రంగు!"

"ఏందీ? నా రాయా?"

"నీ రాయే. అడుగున ఆకు కూడా ఉంది."

"రోజూ పట్టుకునే రాయి, దాని రంగు నాకు తెలవదా?"

"చీకట్లో ఏం కనపడుద్ది నాన్నా?"

అవతల మస్తాన్ మామ కత్తి మొద్దు మీద టకటకమంటోంది. "సరేలే," అన్నాడు నాన్న. "రంగుతో నాకేం పని? అట్టాంటిది ఇంకోటి దొరుకుద్దా?"

దొరుకుతుందని చెప్పలేకపోయాను. పేరు తెలిసింది, ఊరు తెలిసింది. కానీ ఆ ఊళ్లో రాయంతా నూరడానికి పనికొస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

వేమవరం

మర్నాడు వేమవరం ఆటోలో సువర్ణ టీచర్ కలిసింది. ప్రైవేటు బళ్లో పాఠాలు చెబుతుంది, ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది, సెలవుల్లో కళ్లం దగ్గర సొంత మిర్చికి కాపలా కాస్తుంది. రాయి చూపించగానే, "ఇవా? మా కళ్లం నిండా ఇవేనమ్మా," అంది తేలిగ్గా. నాకు ఆటోలోంచి దూకెయ్యాలనిపించింది.

ఆ కళ్లాన్ని ఎట్లా చెప్పాలి? కనుచూపు మేర ఎర్రటి మిరపకాయలు. గాలికి పట్టాలు లేచిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టారు. తెల్లవి, గులాబీ రంగువి, వంకాయ రంగువి, అన్నీ పలకల్లా బల్లపరుపుగా. దున్నేటప్పుడు నాగలికి తగిలితే ఏరి పోగేసినవట. మొదటిది తిరగేశాను, ఏమీ లేదు. రెండోది తిరగేశాను, ఆకు! అరిచాను. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు చేతులు ఆపారు.

"పిల్లకి వడదెబ్బ కొట్టినట్టుంది, నీళ్లివ్వండే," అంది ఒకామె.

"అక్కా, మీ పక్కన రాయి తిరగెయ్యండి! ఆకు ఉందేమో చూడండి!"

నవ్వుకుంటూ ఒకామె తిరగేసింది. ఆకు. ఇంకొకామె, "నాదాంట్లో రెండున్నయ్!" అంది. ఇక తొడిమలు మూలపడ్డాయి. టీచర్ ఒక రాయి మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. "రోజూ దీని మీద కూర్చునే అన్నం తింటా. దేవుడు ఎంత భద్రంగా దాచాడమ్మా!" నా జీవితంలో మొదటి పాఠం ఆ మిరపరాసుల మధ్య చెప్పాను. ఇక్కడంతా నీళ్లుండేవి, ఒడ్డున ఈతచెట్టు లాంటి చెట్లుండేవి, ఆకులు రాలి బురదలో పడేవి, పది కోట్ల ఏళ్లు దాటిపోయింది, అని. విన్నారు. మధ్యలో ఒకామె, "అప్పుడు మిరపకాయలు లేవా?" అంది. లేవన్నాను. "బతికిపోయారు," అంది.

ఆకులు సరే, పదును సంగతి? నాన్న ఇచ్చిన చిన్న కత్తి తీసి, రాయి తడిపి, వీడియో కాల్ చేశాను.

"వీడియో ఆపు," అన్నాడు నాన్న. "నాకు కనపడక్కర్లా. వినిపించు."

ఫోన్ రాయి పక్కన పెట్టి కత్తి గీశాను.

"కాదు. సుద్ద."

ఇంకో రాయి.

"కాదు. ఇసక తగుల్తంది."

ఇంకోటి. ఇంకోటి. గులాబీది మెత్తగా ముద్దైపోయింది. తెల్లది గోటికే గీరుకుపోతోంది. ఆడవాళ్లు రాళ్లు అందిస్తున్నారు, నేను గీస్తున్నాను, నాన్న కాదంటున్నాడు. "ఏంది మీ నాన్న, పెళ్లిచూపుల్లో మగపెళ్లోళ్ల కంటే ఎక్కువున్నాడే!" అంది ఒకామె. ఫోన్లోంచి నాన్న, "వినపడతంది," అన్నాడు.

నవ్వులు ఆగలేదు గానీ నాకు లోపల భయం మొదలైంది. అప్పుడు కుదురుగా కూర్చుని, చదువుకున్న దాన్ని చదువుకున్నట్టు ఆలోచించాను. తాత రాయి ఏళ్ల తరబడి నీళ్లలో తడిసినా కరగలేదు. అంటే ఆ పొరలో బురద రేణువుల మధ్య ఏదో గట్టిగా పట్టేసింది. ఈ కళ్లంలో తడిసినా కరగని రాయి ఏది?

"టీచర్ గారూ, ఇక్కడ ఎప్పుడూ తడిగా ఉండే చోటేది?"

టీచర్ పందిరి కింద మంచినీళ్ల కుండ చూపించింది. కుండ కింద ఒక పలక. వంకాయ రంగు, జున్ను చారలు. "మామూలు రాళ్లు పెడితే నాని విరుగుతుంటాయి. ఇది ఒక్కటే నిలబడింది," అంది. కుండ దించాం. రాయి మీద కత్తి పెట్టి, పొడుగ్గా ఒక్కసారి లాగాను.

ఈసారి నాన్న కాదనలేదు.

"నాన్నా?"

"ఆగు." ఫోన్ దూరం పెట్టి అరవడం వినిపించింది. "ఒరేయ్ మస్తానూ! ఆ కొట్టుడు ఆపరా కాసేపు!" కొట్టులో చప్పుడు ఆగింది. కళ్లంలోనూ ఆగింది. "ఇప్పుడు గియ్యి."

గీశాను. పట్టు చీర మడత విప్పినట్టు, సన్నగా వినిపించింది.

"ఇంకోసారి."

గీశాను.

"అదే," అన్నాడు నాన్న. "అదే అమ్మాయ్. అదే. ఎత్తుకురా."

తొడిమలు తీసే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె ఈల కూడా వేసింది. "ఏం రాయది? ఎన్నేళ్లది?" అని నాన్న అడిగితే చెప్పాను. పది కోట్లు అనగానే, "అన్నేళ్లు ఆగిందా! అయితే తొందరేం లేదు, అన్నం తిని నిదానంగా బయల్దేరు," అన్నాడు.

టీచర్ పలకకి డబ్బు తీసుకోలేదు. కుండ కింద ఇటుక పెట్టుకుంటానంది. గట్టు మీద రాళ్ల పోగులో అదే పొరవి ఇంకో రెండు వెతికి ఇచ్చింది. బస్సులో కండక్టరు సంచి తన్ని చూసి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"రాళ్లండి."

"మా బస్సు మీద వెయ్యడానికా?"

ఆయనకి కూడా కథ మొత్తం చెప్పాను. చిలకలూరిపేట దాకా సరిపోయింది.

మళ్లీ సత్తెనపల్లి

నాన్న రాయి తీసుకుని తెర వెనక్కి పోయాడు. మేమంతా బయట నిలబడ్డాం. నీళ్లు చల్లిన చప్పుడు, కత్తి చప్పుడు, ఆ వెంటనే పెద్ద తుమ్ము. తర్వాత వరసగా తుమ్ములు. కళ్లు నలుపుకుంటూ, "అమ్మో, మండిపోతంది!" అని బయటికి పరిగెత్తుకొచ్చాడు. అన్ని పంటల మిరపకాయల మధ్య బతికిన రాయి కదా, కారం పీల్చుకుని ఉంది. "బాగుంది భాయ్, ఇక ఈ కొట్టులో మాంసం కొంటే కారం ఉచితం," అన్నాడు మస్తాన్ మామ. కడిగి, ఎండబెట్టి, మళ్లీ కడిగి, గుమ్మం రాయి మీద ఇసక పోసి రుద్ది చదును చేసుకున్నాడు. రోజూ నూరాడు. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి చూసుకున్నాడు. ఆ చెయ్యి నున్నబడింది. ఎట్లా ఉంది అని అడిగితే మాత్రం, "పండగ రోజు తెలుద్ది," అని తప్పించుకున్నాడు.

బక్రీదు వచ్చింది. నమాజు అయ్యాక కత్తులు తెల్లగుడ్డలో చుట్టుకుని వెళ్లాడు. అమ్మా నేనూ వండుతూ ఉన్నాం గానీ మా చెవులు వీధిలోనే ఉన్నాయి. ఏటా ఆ రోజు ఆయన తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటాడు. సాయంత్రం దాకా పలకడు. చిన్నప్పుడు అలసట అనుకునేదాన్ని. పెద్దయ్యాక అది ఆ జీవాల కోసం పడే బాధని అర్థమైంది, అడగడం మానేశాను.

మధ్యాహ్నం వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపి, ముద్ద ఎత్తి, ఆపి, నా వైపు చూశాడు.

"ఒక్కదానికి కూడా తెలవలా నాగూరూ," అన్నాడు. "గడ్డి నములుతా ఉన్న మేక గడ్డి నములుతానే ఉంది."

ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసి మొదటి ఇంటి సంగతి మొదలుపెట్టాడు. తర్వాత రెండో ఇల్లు. ఆ తర్వాత మసీదు వెనక వీధి. అమ్మ విసనకర్ర విసరడం మానేసి నోరు తెరుచుకుని వింటోంది. అన్నం చల్లారిపోయింది, కూర చల్లారిపోయింది, బయట ఎవరో పిలిచి పిలిచి వెళ్లిపోయారు. నాన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు.